బోర్డు మీద పట్టని పేరు

పోయిన వారం మీరు నన్ను సంఘం షెడ్డులో, తలుపులు తెరిచిన బీరువా ముందు వదిలేసి వెళ్ళారు. నా చేతిలో అరచెయ్యంత స్లిప్పు ముక్క ఉంది. మాకు ఖాతాయే లేని ఒక సహకార బ్యాంకులో, మా సంఘం పేరు మీద, పదివేల చెక్కు జమ చేసినట్టు దాని మీద ముద్ర పడి ఉంది. ఆ స్లిప్పు మీది రాత మా బావగారిది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు ఓర్చుకోవాలి. మాది మంచాల సంఘం. ఎవరింట్లోనైనా మనిషి మంచం పడితే పైకీ కిందికీ తిప్పుకునే ఆస్పత్రి మంచం, చక్రాల కుర్చీ, ఆక్సిజన్ మిషను ఉచితంగా ఇస్తాం. అవసరం తీరాక తిరిగి తెచ్చుకుంటాం. పదకొండు మంది సభ్యులం. జీతం ఒక్కరికీ లేదు, మాటలు పడటం మాత్రం అందరికీ ఉంది. పన్నెండేళ్ళు లెక్కలు చూసింది మా బావగారు, అంటే మా అక్క భర్త. చేతులు వణుకుతున్నాయని నాలుగు నెలల కిందట ఆ పని నా నెత్తిన పెట్టారు. నేను బస్టాండులో టికెట్ల కౌంటర్లో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నదాన్ని. సాయంత్రం లెక్కలో తేడా వస్తే సొంత పర్సులోంచి వేసి ఇంటికి పోయే ఉద్యోగం అది. అందుకే సంఘంలో నన్ను కౌంటరమ్మ అంటారు. పుస్తకాలు చేతికి రాగానే ముందు సామాను లెక్క పెట్టాను. మంచాలు పద్నాలుగు, చక్రాల కుర్చీలు తొమ్మిది, తెల్లటి ఆక్సిజన్ మిషను ఒకటి.

అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా గడియారాల మేస్త్రి భార్య రసీదు అడగడానికి వచ్చింది. భర్త పోయాక, మంచం తిరిగి ఇచ్చేసి, గత నెలలో పదివేలకి చెక్కు రాసి మా బావగారింట్లో ఇచ్చానంది. మా రిజిస్టరులో అలాంటి చెక్కు లేదు. ఆవిడ పాసుబుక్కులో మాత్రం డబ్బు పోయింది. ఆవిడ నా దగ్గరికి రాకముందే మా అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. ఆయనకు టైల్స్ షాపుంది, మనిషి చెడ్డవాడు కాదు, షెడ్డు అద్దె ఆయనే కడతాడు. కానీ ఒకసారి అనుమానం వస్తే పగిలిన టైలు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.

"కంచే చేను మేసిందా కౌంటరమ్మా?" అని ఫోన్లో అడిగాడు. ఆదివారం పది గంటలకి అందరూ కూర్చున్నాక ఈ చెక్కు ఎక్కడికి పోయిందో నేనే చదివి చెప్పాలట. చెప్పలేకపోతే అక్కడి నుంచి నేరుగా పోలీస్ స్టేషనుకు వెళ్తానన్నాడు. బావగారు కాబట్టి నేను మెత్తబడతానేమోనని ఒక మాట కూడా అన్నాడు. ఆ మాట నాకు బాగా తగిలింది, ఎందుకంటే నేను అప్పటికే మెత్తబడి ఉన్నాను.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి అక్క వాళ్ళింటికి వెళ్ళాను.

బావగారు సైన్‌బోర్డులు రాసేవారు. మా వీధుల్లో మందుల షాపులు, సైకిల్ షాపులు, పళ్ళ డాక్టరు, అందరి పేర్లూ ఆయన రాసినవే. అక్షరానికి గీత ఆయన గీస్తే లోపల రంగు నింపేది అక్క. ముందు గదిలో ఇప్పటికీ సగం రాసిన బోర్డులు గోడకి ఆనించి ఉన్నాయి. ఆ గదిలోనే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నారు ఆయన. అలా పట్టుకోకపోతే అది ఊరుకోదు.

నేను మర్యాదలేమీ పెట్టుకోలేదు. స్లిప్పు తీసి ఆయన ముందున్న బల్ల మీద పెట్టాను. దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, ఆ ఖాతా సంగతి నాకు చెబుదామనే అనుకుంటున్నానని అన్నారు. నాలుగు నెలల నుంచి అనుకుంటున్నారట.

"అయితే ఖాతా ఉన్నమాట నిజమేనా బావగారూ?"

"ఉంది. నేనే తెరిచాను. తొమ్మిదేళ్ళయింది."

"ఎవరి పేరు మీద?"

"మంచాల సంఘం పేరు మీద. యజమానిగా నా పేరు ఉంది."

సంఘం ఖాతాకి ఇద్దరి సంతకాలుండాలి, ఏటా లెక్క తనిఖీ చేయించాలి. ఇది సైన్‌బోర్డుల షాపుకి తెరిచినట్టు సొంత వ్యాపారంగా తెరిచిన కరెంట్ ఖాతా. కాగితం మీద అందులో పడ్డ ప్రతి పైసా బావగారి సొంతం. టైల్స్ షాపాయనకి ఈ ఒక్క ముక్క చాలు. ఇంట్లో మనిషికి, సంఘంలో మనిషికి తెలియకుండా ఇంకో ఖాతా ఎలా పెట్టారు, అలా దాచిపెట్టి ఇన్నేళ్ళు మా మొహాలు ఎలా చూశారు అని అడిగాను. గొంతు పెద్దదయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. గోడకానిన బోర్డుల వైపు చూపించి, తప్పంతా ఒక చెక్కదని అన్నారు.

మా సంఘం అసలు పేరు మంచాల సంఘం కాదు. రిజిస్టరు చేయించిన పేరు వ్యాధిగ్రస్త కుటుంబ సహాయ స్వచ్ఛంద సేవా సమితి. పేరు పెట్టినాయన ఎవరో గానీ ఊపిరితిత్తుల బలం చూసుకుని పెట్టాడు. షెడ్డుకి బోర్డు రాయమంటే బావగారి దగ్గర మూడడుగుల చెక్క ఒక్కటే మిగిలి ఉంది. ఆ పేరు దాని మీద పట్టదు. పట్టించాలంటే అక్షరాలు చీమల్లా అవుతాయి, వీధిలోంచి కనపడవు. ప్రస్తుతానికి ఉండనీ అని పెద్ద అక్షరాలతో 'మంచాల సంఘం' అని రాసి తగిలించారు. అసలు పేరుతో పెద్ద బోర్డు తర్వాత రాద్దామనుకున్నారు. పన్నెండేళ్ళయింది, అదే బోర్డు వేలాడుతోంది.

జనం చూసిందే రాస్తారు. చెక్కులన్నీ మంచాల సంఘం పేరు మీదే వచ్చాయి. మా బ్యాంకేమో ఆ పేరుతో మాకు ఖాతా లేదని వెనక్కి పంపించేది, పైగా ఒక్కో చెక్కుకి జరిమానా. అప్పుడు కోశాధికారి చెయ్యాల్సిన పని ఒకటే. ఆ ఇంటికి తిరిగి వెళ్ళి, పేరు తప్పు రాశారు, ఇంకో చెక్కు రాయండని అడగాలి.

"అంతే కదా, అడగొచ్చు కదా," అన్నాను.

"మంచం ఎప్పుడు తిరిగొస్తుంది కౌంటరమ్మా?" అన్నారు ఆయన.

మంచం తిరిగొచ్చేది సాధారణంగా మనిషి పోయాకే. చెక్కు కూడా అప్పుడే వస్తుంది. మొదటిసారి అలా చెక్కు పట్టుకుని ఒక తల్లి దగ్గరికి వెళ్ళారట బావగారు. కొడుకు పోయి ఆరు రోజులు. పేరు మార్చి రాయమని, అసలు పేరు ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ చాలాసేపు రాసింది. బయటికొచ్చి చూసుకుంటే పేరు రాయాల్సిన చోట కొడుకు పేరు ఉంది. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇది కూడా తప్పేనమ్మా అని చెప్పలేక, వీధి చివర నిలబడి ఆ చెక్కు చించేసి, అంత డబ్బు తన జేబులోంచి సంఘంలో వేశారు. ఆ మర్నాడే సహకార బ్యాంకుకి వెళ్ళారు. అప్పటి మేనేజరు గది తలుపు మీద పేరు రాసిన పరిచయం ఉంది. బోర్డు మీది పేరుతోనే ఖాతా తెరిచారు.

చెక్కులు అందులో వేసి, మూడు నెలలకోసారి డబ్బు తీసి, అసలు ఖాతాలో నగదు విరాళంగా కట్టేవారు. మా పాత పుస్తకాల్లో మూడు నెలలకోసారి పెద్ద మొత్తంలో కనిపించే నగదు విరాళాల గుట్టు నాకప్పుడు అర్థమైంది. ఇదెవరో పేరు చెప్పుకోని దాత ఇస్తున్నదని మేమంతా తెగ మెచ్చుకునేవాళ్ళం.

మంచి మనసుతో చేసిన తప్పు కూడా తప్పే, లెక్కల్లో జాలికి గడి ఉండదు అన్నాను నేను. ఇరవై ఆరేళ్ళు కౌంటర్లో కూర్చుంటే నోరు అలాగే తయారవుతుంది. బావగారు బల్ల సొరుగులోంచి నల్ల అట్ట నోటుపుస్తకం తీసి నా వైపు నెట్టారు. నలభై మూడు చెక్కులు. తారీకు, నంబరు, ఎవరిచ్చారు, ఎంత, ఎప్పుడు అసలు ఖాతాకి మార్చారు, అన్నీ అచ్చు వేసినట్టున్న అక్షరాల్లో ఉన్నాయి. చివరి పేజీల్లో ఒక వరస దగ్గర నా వేలు ఆగిపోయింది. అయిదు వేలు. ఇచ్చినవారు: మరదలు.

రెండేళ్ళ కిందట మా ఆయన పోయాక నేనిచ్చిన చెక్కు అది.

"నేను కూడా ఆ పేరే రాశానా?"

"రాశావు. నీకు చెబుదామని మీ ఇంటి దాకా వచ్చాను. నువ్వు గేటు దగ్గర నిలబడి, మంచం తీసేసిన చోట గది మరీ పెద్దదైపోయింది బావగారూ అన్నావు. ఇంకేం చెబుతాను, తిరిగొచ్చేశాను."

ఏడుపొచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అక్క టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

టీ తాగాక బుర్ర మళ్ళీ దారిలో పడింది. నోటుపుస్తకంలో గడియారాల మేస్త్రి భార్య పదివేలు లేవు. అది అడిగాను. బావగారు స్లిప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. అది ఆయన వేళ్ళ మధ్య గాలికి ఊగినట్టు ఊగింది.

"తారీకు చూశావా? ఇది గత నెలది. గత నెల నుంచి నేను చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాను. ఇంత తిన్నగా ఎలా రాస్తాను?"

నిజమే. కౌంటర్లో చిరిగిన నోటుని చీకట్లో కూడా పట్టుకునేదాన్ని, ఈ ముక్క నాకు తట్టనే లేదు. అనుమానం ముందొస్తే కళ్ళు వెనకబడతాయి కాబోలు. మరి ఈ రాత ఎవరిదని అడగబోయి, ఇద్దరం ఒకేసారి గుమ్మం వైపు తిరిగాం. ఆయన గీసిన అక్షరాల లోపల ముప్ఫై ఏళ్ళు రంగు నింపిన మనిషికి ఆ అక్షరాలు రాకుండా ఎలా ఉంటాయి?

అక్క దాచలేదు. రెండు మూడేళ్ళుగా స్లిప్పులు తనే రాస్తున్నానంది. నోటుపుస్తకంలో చివరి పేజీలు కూడా తనవేనట, ఆయన చెబుతుంటే రాసింది. లెక్కలు నాకిచ్చేశాక కూడా జనం అలవాటు చొప్పున ఈ ఇంటికే వచ్చి చెక్కులు ఇస్తున్నారు. మూడు వచ్చాయి, మూడూ పాత పద్ధతిలోనే వేసేసింది. మొన్న పాత రసీదు పుస్తకాలు నాకు పంపినప్పుడు స్లిప్పు వాటిలో ఉండిపోయింది. నాకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఇంత కోర్టు పెడతావని తెలుసు కాబట్టి అంది.

నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. మేస్త్రి భార్య డబ్బు ఎక్కడికీ పోలేదు, ఖాతాలో భద్రంగా ఉంది. ఖాతా పెట్టిన పద్ధతి తప్పు, మనుషులు తప్పు కాదు. పాసుబుక్కు మీద బ్యాంకు ముద్రతో నిల్వ వేయించుకుని, నోటుపుస్తకంతో సరిపోల్చి, రేపు రెండూ బల్ల మీద పెడితే బావగారి మీద ఈగ కూడా వాలదు. పాసుబుక్కు ఇమ్మన్నాను.

"ఇవాళ శనివారం కదే చిట్టీ, రద్దీగా ఉంటుంది. సోమవారం చూసుకోరాదూ?" అంది అక్క.

మీటింగు రేపైతే సోమవారం దాకా ఎలా ఆగుతాను? అక్క లోపలికి వెళ్ళి చాలాసేపటికి పాసుబుక్కు తెచ్చింది. మసకబారిన ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఇచ్చేటప్పుడు వెంటనే వదల్లేదు. నేను లాగితే వదిలింది.

బ్యాంకు పన్నెండింటికి మూసేస్తారు. నేను వెళ్ళేసరికి పదకొండుంపావు. మార్కెట్ వెనక మేడ మీద రెండు గదుల బ్యాంకు అది. పాసుబుక్కులు అచ్చు వేసే మిషను దగ్గర ఏడుగురు ముందున్నారు. మిషను కంటే దాన్ని కొట్టే గుమాస్తా చెయ్యే ఎక్కువ పని చేస్తోంది. నా వంతు వచ్చాక కవర్ తీసి ఇమ్మన్నాడు, కవర్‌తో పెడితే ఇరుక్కుంటుందట. కవర్ తీసి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని పుస్తకం ఇచ్చాను. మూడేళ్ళకి పైగా అచ్చు వేయించలేదని గుమాస్తా ఇల్లు ఊడ్వని మనిషిని చూసినట్టు చూశాడు. మిషను గరగరలాడుతూ మూడు పేజీలు నింపింది.

అక్కడే బెంచీ మీద కూర్చుని లెక్క వేశాను. నోటుపుస్తకం ప్రకారం మూడేళ్ళుగా అసలు ఖాతాకి మార్చకుండా ఉండిపోయింది అరవై ఒక్క వేల రెండు వందలు. బావగారి చేతులు పాడైన దగ్గర్నించీ మార్చడం ఆగిపోయింది. అక్క కొత్తగా వేసిన మూడు చెక్కులు పద్నాలుగు వేలు. మొత్తం డెబ్బై అయిదు వేల రెండు వందలు. బ్యాంకు ఖర్చుల కింద కోసుకుంది మూడు వందల అరవై. డెబ్బై నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఉండాలి.

ముప్ఫై ఆరు వేల ఎనిమిది వందల నలభై ఉంది.

మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే వచ్చింది. తేడా సరిగ్గా ముప్ఫై ఎనిమిది వేలు. చిల్లర తేడా అయితే లెక్క తప్పు అనుకోవచ్చు. ఇంత గుండ్రంగా వచ్చిందంటే ఎవరో తీసుకున్నట్టే. పేజీ మొదట్లోకి వెళ్ళి చూస్తే ఒకే వరసలో దొరికింది. ముప్ఫై ఎనిమిది వేలు, సెల్ఫ్ చెక్కు మీద నగదుగా తీశారు. తారీకు రెండేళ్ళ కిందటిది, వానాకాలం. నోటుపుస్తకంలో ఆ తారీకున ఒక్క అక్షరం లేదు.

వచ్చిన దారినే నడిచి వెళ్ళాను. ఎండగా ఉంది, ఆటో ఎక్కొచ్చు, తోచలేదు. అక్క సోమవారం చూసుకోరాదూ అన్న మాట దారి పొడుగునా నా వెనకే వచ్చింది.

ఇంటికి వెళ్ళి పాసుబుక్కు తెరిచి బావగారి ముందు పెట్టి, ఆ వరస కింద గోరు పెట్టి చూపించాను. ఆయన భూతద్దంతో చూశారు. అంత డబ్బు తను తీయలేదన్నారు. చెక్కుబుక్కు ఎక్కడుందంటే బీరువాలో ఉందన్నారు. బీరువా తాళం ఉండేది అక్క కొంగుకని ఇద్దరికీ తెలుసు.

అక్క వచ్చి మా ఎదురుగా కూర్చుంది. చేతులు కొంగుతో తుడుచుకుంది.

"నేనే తీశాను. ఆయన సంతకం నేనే పెట్టాను."

"ఎందుకక్కా?"

"మీ ఇంటికి తెచ్చిన ఆక్సిజన్ మిషను సంఘానిది కాదే. సంఘం మిషను అప్పుడు ఇంకో ఇంట్లో ఉంది, అక్కడ మంచం పట్టింది ఒక చంటిపిల్ల తల్లి. లాక్కొస్తామా? అద్దె షాపు వాడు మొత్తం డబ్బు ముందే కడితే గానీ ఇవ్వనన్నాడు. పదకొండు వారాలు వాడాం."

మా ఆయన మంచం పక్కన పదకొండు వారాలు ఊపిరి పోస్తూ గుర్రుమన్న ఆ మిషను నాకిప్పుడు కూడా కళ్ళకి కట్టినట్టుంది. అది నీలం రంగుది. సంఘంలో ఉన్నది ఒకటే, అది తెల్లది. నాలుగు నెలల కిందట నా చేత్తో నేనే లెక్క పెట్టి పుస్తకంలో రాశాను. ఊళ్ళో అందరి లెక్కలూ అడిగే కౌంటరమ్మకి, తన ఇంట్లో పెట్టిన మిషను ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలని ఒక్కనాడూ తోచలేదు. నేను సిగ్గుపడ్డాను. అంతకంటే పెద్ద మాట ఏదైనా ఉంటే అది కూడా పడ్డాను.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అని బావగారు అక్కని అడిగారు. గొంతులో కోపం కంటే దెబ్బ ఎక్కువ వినిపించింది.

"చెబితే సంతకం పెట్టేవారా?"

ఆయన నిజం చెప్పే మనిషి కాబట్టి ఆలోచించి చెప్పారు. "పెట్టేవాణ్ణి కాదు."

"అందుకే నేను పెట్టాను," అంది అక్క.

నేను బ్యాగులోంచి రేపు చదవాల్సిన లెక్క కాగితం తీసి బల్ల మీద పరిచాను. తీసిన మొత్తం, తారీకు నింపాను. ఎవరు తీశారు అన్న గడి మిగిలింది. ఖాతా నాది, నా పేరు రాయమన్నారు బావగారు. దొంగ సంతకం పెట్టింది నేను, నా పేరే రాయమంది అక్క. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పాపం మొత్తం నాకంటే నాకని ఇద్దరూ పోటీ పడ్డారు. ముప్ఫై ఎనిమిది వేలు నేను కట్టేయగలను, సోమవారమే కట్టేయగలను. కానీ డబ్బు కట్టినంత మాత్రాన ఆ గడి నిండదు. బావగారి పేరు రాస్తే అబద్ధం, ఆయన దొంగవుతారు. అక్క పేరు రాస్తే నిజం, టైల్స్ షాపాయన అక్కని స్టేషనుకి తీసుకెళ్తాడు. గడి ఖాళీగా వదిలేస్తే, మొగుడి కోసం సంఘం డబ్బు వాడుకుని నోరు మూసుకున్న కోశాధికారినవుతాను నేను. కలం మూత తీసి, రాయకుండానే మళ్ళీ పెట్టేశాను.

"ఊరికే తీసుకున్నాననుకుంటున్నావా?" అంది అక్క. "మీ ఆయన ఊరికే తీసుకునే మనిషేనా? చివరి రోజుల్లో నేను మిషను సంగతి చెబితే ఆ రోజే చెక్కు రాసిచ్చాడు. ఒకటో తారీకు వేసి, ఆ రోజు బ్యాంకులో వెయ్యమన్నాడు. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఒకటో తారీకుకి నాలుగు రోజుల ముందే పోయాడు. పోయినవాళ్ళ చెక్కు బ్యాంకు చెల్లించదని ఒకసారి నువ్వే అన్నావు. మరేం చెయ్యను? దాచాను."

"ఎక్కడుంది?"

"పాసుబుక్కు కవర్లో, వెనక అట్ట సందులో."

కవర్ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. బ్యాంకుకి వెళ్ళిన దారంతా, వచ్చిన దారంతా మోసుకు తిరిగింది నేనే. అట్ట సందులో వేలు పెడితే నాలుగు మడతల చెక్కు బయటికి వచ్చింది. మడతలు విప్పాను. ముప్ఫై ఎనిమిది వేలు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. మంచం మీద పడుకుని రాసినట్టున్నాడు, వరస పైకి ఎక్కిపోయింది. కానీ పేరు రాయాల్సిన చోట, గీత చాలక అక్షరాలు ఇరికించి, అంచు దాకా లాగి, వ్యాధిగ్రస్త కుటుంబ సహాయ స్వచ్ఛంద సేవా సమితి అని పూర్తిగా రాశాడు. ఒక్క ఒత్తు తప్పు లేదు. పన్నెండేళ్ళలో మా సంఘానికి చెక్కు రాసినవాళ్ళలో అసలు పేరు రాసింది మా ఆయన ఒక్కడే. ఎటు తిప్పినా బ్యాంకులో పడని చెక్కు కూడా అదొక్కటే.

బావగారు అది చూడాలని చెయ్యి చాపారు. ఇవ్వబోతూ మరోసారి చూశాను, చెక్కు చూస్తే పై మూల చదవడం నా అలవాటు. మా ఆయన జీతం, తర్వాత పింఛను, కరెంటు బిల్లు, అన్నీ ఒకే బ్యాంకులో నడిచేవి. ఆ పాసుబుక్కు మా ఇంట్లో నా చీరల కింద ఉంది, అందులో నాకు తెలియని వరస ఒక్కటి లేదు.

ఈ చెక్కు ఆ బ్యాంకుది కాదు.

ఈ బ్యాంకు పేరు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. పై మూలలో మా ఆయన పేరు మాత్రం అచ్చులో ఉంది. ఇంట్లో మనిషికి తెలియకుండా ఇంకో ఖాతా ఎలా పెట్టారని పొద్దున ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చున్న మనిషిని నిలదీశాను.

"ఈ ఖాతా ఏమిటక్కా?" అని అడిగాను.

అక్క బావగారి వైపు చూసింది. చాచిన చెయ్యి బావగారు వెనక్కి తీసుకున్నారు.